200 కిలోమీటర్లు తొక్కే గుండెకు లయ తప్పింది: నా 11 నెలలు

2024 నవంబర్ 17, ఆదివారం. విశాఖ బీచ్ రోడ్డులో పొద్దున్న 6 గంటలకు సైకిళ్ల మీద బయల్దేరాం. తుని దాకా వెళ్లి వెనక్కి రావాలి. అటూ ఇటూ కలిపి 200 కిలోమీటర్లు, 13 గంటల 30 నిమిషాల్లోపు. ఇలాంటి రైడ్‌ను బ్రెవే అంటారు. నాకు కొత్త కాదు. ఎనిమిదేళ్లుగా తొక్కుతున్నాను, 300, 400 కిలోమీటర్లవి కూడా పూర్తి చేశాను. అప్పటికి నా వయసు 58, బరువు 66 కిలోలు. సిగరెట్, మందు, షుగర్ ఏవీ లేవు. జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. స్టాఫ్‌రూమ్‌లో ఎవరైనా ఆయాసపడితే "మాస్టార్ని చూసి నేర్చుకోండి" అని నన్ను చూపించేవాళ్లు.

తిరుగు దారిలో ఎలమంచిలి దాటాక ఉన్నట్టుండి కాళ్లలో బలం పోయింది. రోడ్డు చదునుగా ఉంది, ఎదురుగాలి కూడా లేదు. హ్యాండిల్ మీది మీటర్ చూస్తే గుండె వేగం 187 చూపిస్తోంది. మామూలుగా ఆ వేగంలో తొక్కితే నాకు 130 దాటదు. కళ్ల ముందే 187 కాస్తా 96 అయింది, మళ్లీ 171. ఛాతీకి కట్టుకునే బెల్ట్ పాడైందనుకున్నాను. ఆపి, బెల్ట్ కింద నీళ్లతో తడిపాను. దాని బటన్ బ్యాటరీ తీసి, చొక్కాకు తుడిచి మళ్లీ పెట్టాను. అంకెలు అలాగే గెంతుతున్నాయి. టీ కొట్టు బల్ల మీద 40 నిమిషాలు కూర్చుని, మెల్లగా తొక్కుకుంటూ 13 గంటల 5 నిమిషాలకు చేరాను. అందరూ చప్పట్లు కొట్టారు. మర్నాడు పొద్దున్న నాడి 52, గడియారంలా కొట్టుకుంటోంది. 4,200 రూపాయలు పెట్టి కొత్త బెల్ట్ కొన్నాను.

ఆ రోజు నేను చూసినది బెల్ట్ లోపం కాదు, నా గుండె చేస్తున్న పనే. అది తెలిసేసరికి దాదాపు మూడు నెలలు పట్టింది. నాలాగా ఒళ్లు గట్టిగా ఉంచుకుని, దాన్నే నమ్ముకుని బతికేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల కోసమే ఇదంతా వరసగా రాస్తున్నాను.

రెండోసారి డిసెంబర్ 8 రాత్రి వచ్చింది. 2 గంటలకు మెలకువొచ్చింది. నొప్పి లేదు, చెమట లేదు. ఛాతీలో మాత్రం ఏదో పట్టు తప్పినట్టుంది. మా ఆవిడని లేపి ఆమె చెయ్యి నా ఛాతీ మీద పెట్టుకున్నాను. కాసేపు పెట్టి చూసి, "ఏవండీ, గ్యాస్ అయిపోయే ముందు స్టౌ మంట కొట్టుకుంటుంది చూడండి, అలా ఉంది" అంది. ఇన్ని నెలల్లో ఇంతకంటే సరిగ్గా ఎవరూ చెప్పలేదు. దడ అంటే వేగంగా కొట్టుకోవడం అనుకుంటాం. ఇది వేగం మాత్రమే కాదు. రెండు దెబ్బలు దగ్గర దగ్గరగా పడతాయి, ఒకటి ఆలస్యమవుతుంది, తర్వాత మూడు గబగబా. ఎంతసేపు లెక్కపెట్టినా ఏ వరసా దొరకదు. తెల్లవారే సరికి ఆగిపోయింది.

పొద్దున్న దగ్గర్లో ఉన్న క్లినిక్‌కు వెళ్లాను. ఈసీజీకి 300 రూపాయలు. నార్మల్. నాడి నెమ్మదిగా ఉండటం సైకిల్ తొక్కేవాళ్లకు మామూలేనని చెప్పి గ్యాస్ మాత్రలు రాశారు. ఈసీజీ తీసేది కొన్ని సెకన్లే. ఆ సెకన్లలో లయ బాగుంటే కాగితం కూడా బాగుంటుంది. ఇది నాకు అప్పుడు తెలియదు. గ్యాస్ మాత్రలు నెలరోజులు వేసుకున్నాను.

సంక్రాంతికి అనకాపల్లి దగ్గర మా ఊరు వెళ్లాం. కనుమ నాడు మధ్యాహ్నం మాటల్లో అమ్మతో దడ గురించి అన్నాను. అమ్మకు 84. తింటున్న అరిసె పక్కన పెట్టి, "మీ నాయనా ఇలాగే అనేవోడురా. గుండెల్లో ఏటో గిలగిల్లాడతందని" అంది. నాన్నకు 1998లో పక్షవాతం వచ్చింది. అప్పుడాయనకు 66. చెరకు రైతు. పొద్దున్న లేస్తే చీకటి పడేదాకా పొలంలోనే ఉండేవాడు, బెల్లం వంట రోజుల్లో రాత్రుళ్లు కూడా. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. చూడటానికి వచ్చిన ప్రతివాళ్లూ "అంత గట్టి మనిషికి ఎలా వచ్చిందో" అన్నవాళ్లే. ఆరేళ్లు మంచంలో ఉన్నాడు. "నీళ్లు" అనడానికి ఎడం చేత్తో గ్లాసు చూపించేవాడు.

అమ్మ ఇనప్పెట్టెలోంచి పాస్‌బుక్కుల కింద ఉన్న ఆసుపత్రి కాగితం తీసింది. మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. సిరా వెలిసిపోయింది. జబ్బు పేరు రాసే చోట బీపీ, దాని కింద కుడివైపు పక్షవాతం, ఆ రెంటి మధ్య రెండే రెండు అక్షరాలు: ఏ, ఎఫ్. 26 ఏళ్లుగా ఆ కాగితం మా ఇంట్లోనే ఉంది. నేను చదివాను, తమ్ముడు చదివాడు. ఆ రెండక్షరాలు ఏమిటని ఎవరమూ అడగలేదు.

జనవరి 20, సోమవారం. గుండె లయ సమస్యలు చూసే కార్డియాలజిస్ట్ దగ్గరకు వెళ్లాను. ఫీజు 700. టోకెన్ 23, లోపలికి వెళ్లేసరికి 2 గంటల 40 నిమిషాలైంది. నాన్న కాగితం చూపించగానే ఆయన దాన్ని వెలుతురులోకి ఎత్తి చదివి, "ఏఎఫ్ అంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ మాస్టారూ. గుండె పై గదులు సరిగ్గా ముడుచుకోకుండా వణుకుతుంటాయి" అన్నారు. ఎకో అనే గుండె స్కాన్, థైరాయిడ్ పరీక్ష, 24 గంటలూ ఒంటికి పెట్టుకుంటే ఈసీజీ తీసే హోల్టర్ రాశారు. మొత్తం 5,300 అయింది. ఎకోలో పంపింగ్ బాగుంది, కానీ ఎడమ పై గది ఉండాల్సినదానికంటే కొంచెం పెద్దదైంది. ఏళ్ల తరబడి గంటలకు గంటలు గట్టిగా తొక్కేవాళ్లలో అది సాగుతుందట. బీపీ వల్లా సాగుతుంది. నాకు రెండూ ఉన్నాయని తర్వాత తేలింది.

హోల్టర్ పెట్టుకున్న 24 గంటలూ గుండె బుద్ధిగా ఉంది. ఒక్క తప్పు దెబ్బ లేదు. నిజానికి ఆ రిపోర్ట్ చూసి ఏడుపొచ్చింది. ఏమీ లేదంటే సంతోషించాలి కదా, కానీ నా మాట నమ్మరేమోనని భయమేసింది. డాక్టర్ మాత్రం, "దొంగ రాని రోజు కాపలా కాస్తే దొంగే లేడని కాదు" అని, ఏడు రోజులు ఛాతీకి అంటించుకునే ప్యాచ్ రాశారు. దానికి 8,500. ఇన్సూరెన్స్‌లో రాదు. జనవరి 27 నుంచి ఫిబ్రవరి 3 దాకా అది అతికించుకునే స్నానం, పాఠాలు, నిద్ర. జిగురుకు చర్మం దురద పెట్టింది. నాలుగో రాత్రి 3 గంటల 10 నిమిషాలు నడిచిన ఏఎఫ్ అందులో దొరికింది. ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను, నాకు తెలియనే లేదు. నన్ను అన్నిటికంటే భయపెట్టింది ఇదే. తెలిసినవి రెండు. తెలియనివి ఎన్ని వచ్చి పోయాయో.

ఫిబ్రవరి 7న రిపోర్ట్ పట్టుకుని వెళ్లాను. వణికే గదిలో రక్తం కదలక నిలిచిపోతుందని, ఎడమ పై గదికి చిన్న సంచీలాంటి మూల ఒకటి ఉంటుందని, ఎక్కువగా అక్కడే గడ్డ కడుతుందని, అది విడివడి మెదడుకు వెళ్తే పక్షవాతమని డాక్టర్ బొమ్మ గీసి చెప్పారు. ఏఎఫ్ ఉన్నవాళ్లకు స్ట్రోక్ ముప్పు లేనివాళ్లకంటే దాదాపు 5 రెట్లట. అయితే అందరికీ ఒకేలా ఉండదు. దానికి చాడ్స్ వాస్క్ అనే స్కోరు ఉంది. గుండె బలహీనతకు 1, బీపీకి 1, షుగర్‌కు 1, రక్తనాళాల జబ్బుకు 1, వయసు 65 దాటితే 1, 75 దాటితే 2, ఇదివరకు స్ట్రోక్ వచ్చి ఉంటే 2. ఆడవాళ్లకు అదనంగా 1 కలుపుతారు.

"నాకు సున్నా కదా సార్" అన్నాను. బీపీ చూశారు, 148/92. పది నిమిషాలాగి మళ్లీ చూశారు, 150/90. వారం పాటు ఇంట్లో చూసుకుని రాసుకొస్తే ఏ రోజూ 140 కిందికి రాలేదు. బీపీ మాత్ర మొదలైంది, స్కోరు 1 అయింది. ఎనిమిదేళ్లలో నేను గుండె వేగం కొన్ని వేలసార్లు చూసుకున్నాను, బీపీ ఒక్కసారి కూడా చూసుకోలేదు. సైకిల్ తొక్కేవాడికి బీపీ ఏమిటనే ధైర్యం.

"మరి నేనింత ఫిట్‌గా ఉన్నాను, అది ఎక్కడ కలుపుతారు?" అని అడిగాను. "మీరు ఎన్ని కిలోమీటర్లు తొక్కుతారో రాసే గడి ఇందులో లేదు మాస్టారూ" అన్నారు. మెత్తగానే అన్నారు. నాకు చాలా రోజులు ఆ మాట గుచ్చుకుంది.

స్కోరు 1 దగ్గర రక్తం పలచబరిచే మందు గురించి డాక్టరూ రోగీ కూర్చుని ఆలోచించుకోవాలట. ఆయన వేసుకోమనే అన్నారు. నేను వారం టైమ్ అడిగాను. సైకిల్ మీంచి పడితే రక్తం ఆగదేమోనని భయం. ఆ వారం అడగకుండా ఉండాల్సింది.

ఫిబ్రవరి 16, ఆదివారం రాత్రి మొదలైంది, ఈసారి ఆగలేదు. సోమవారం నాడి 130. అదే పోతుందిలే అని కాలేజీకి వెళ్లాను. మంగళవారం రెండో అంతస్తు మెట్లెక్కి, క్లాసులో బోర్డు మీద ఒక లైను రాసి ఊపిరి కోసం ఆగాను. మొదటి బెంచీ పిల్ల లేచి కుర్చీ తెచ్చింది. బుధవారం ఎమర్జెన్సీకి వెళితే మొదటి ప్రశ్న, "ఎప్పుడు మొదలైంది?" ఆదివారం రాత్రి అన్నాను. 48 గంటలు దాటిపోయింది. మొదలైన వెంటనే వచ్చి ఉంటే షాక్ ఇచ్చి లయను సరిచేసే వీలుండేదట. దాటితే గడ్డ కట్టి ఉండొచ్చు. ఆ సమయంలో గుండెను సరిచేస్తే అదే గడ్డను మెదడుకు తోలినట్టవుతుంది. అందుకని మూడు వారాలు రక్తం పలచబరిచే మందు వాడాక గాని, గొంతులోంచి గొట్టం పంపి ఎకో తీసి గడ్డ లేదని చూశాక గాని షాక్ ఇవ్వరు. రక్తం పలచబరచడానికి అపిక్సబాన్ 5 మిల్లీగ్రాములు పొద్దున్నా రాత్రీ, వేగం తగ్గడానికి మెటోప్రొలాల్ రాసి, రెండు రోజులు ఉంచి పంపారు. తేదీ మార్చి 12 అన్నారు.

ఆ వార్డులో పక్క మంచం ఆయన గాజువాకలో లారీల వ్యాపారం చేస్తాడు. వయసు 52, బరువు 104 కిలోలు, షుగర్, బీపీ. ఆయనకూ ఏఎఫ్ ఉంది. నేను బక్కగా ఉండటం చూసి, "మీకెందుకొచ్చింది మాస్టారూ ఇది?" అని నిజంగా బాధపడుతూ అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆ తర్వాతి వారాలు నా జీవితంలోకెల్లా కష్టమైనవి. మందుల వల్ల వేగం 90కి దిగింది, లయ మాత్రం రాలేదు. 200 కిలోమీటర్లు తొక్కినవాడిని కూరగాయల సంచీతో వీధి మలుపు దాకా వచ్చి గోడ పట్టుకునేవాడిని. రాత్రి మెలకువ రాగానే చీకట్లో రెండు చేతులూ పైకెత్తి చూసుకునేవాడిని, రెండూ సమానంగా లేస్తున్నాయా అని. బాత్రూమ్ అద్దంలో నవ్వి, మూతి వంకర పోలేదు కదా అని చూసుకునేవాడిని. మెల్లగా నా పేరు, కాలేజీ పేరు పలికి చూసుకునేవాడిని. ఒకరోజు మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది. ఏమీ అనలేదు. మర్నాడు డాక్టర్ని అడిగి ఒక కాగితం రాసి ఫ్రిజ్ మీద అంటించింది: మూతి వంకర, చెయ్యి పడిపోవడం, మాట తడబడటం, ఏది కనిపించినా వెంటనే 108, మొదలైన టైమ్ రాసుకోవాలి, చివరి అపిక్సబాన్ మాత్ర ఎప్పుడు వేసుకున్నారో చెప్పాలి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువు. పైగా రక్తం పలచబరిచే మందు ఒంట్లో ఉంటే ఆ ఇంజెక్షన్ ఇవ్వచ్చో లేదో దాన్నిబట్టే చూస్తారు. కాగితం అంటించాక నేను అద్దం ముందు నిలబడటం తగ్గింది.

మందు గురించి ముందు తెలిసి ఉంటే బాగుండుననిపించినవి కొన్ని ఉన్నాయి. మొదటి నెల మాత్రలకు 1,560 అయింది. అదే మందు వేరే కంపెనీది డాక్టర్‌ను అడిగి మార్చుకుంటే 700లో వచ్చింది. పళ్లు తోముకుంటే చిగుళ్లలోంచి కాస్త రక్తం వచ్చేది, గడ్డం దగ్గర గీసుకుంటే పది నిమిషాలు నొక్కి పట్టుకోవాలి. తోటకూర, పాలకూర తినకూడదని పక్కింటివాళ్లు గట్టిగా చెప్పారు. ఆకుకూరల లెక్క ఎసిట్రోమ్‌లాంటి పాత మందులకట, నా మందుకు ఆ పట్టింపు లేదు. అసలు జాగ్రత్త నేను ఊహించని చోట ఉంది. రైడ్ తర్వాత మోకాళ్ల నొప్పికి నేను చిల్లర సరుకులా కొనుక్కు మింగే నొప్పి మాత్రలు ఈ మందుతో కలిస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు. మా సైకిల్ గుంపులో సగం మంది జేబులో అవి ఉంటాయి.

మార్చి 1న ఇంటర్ పరీక్షలు మొదలయ్యాయి. మూడో తేదీ ఇన్విజిలేషన్ హడావిడిలో పొద్దున్న మాత్ర మరిచిపోయాను. ఒక్కటంటే ఒక్కటి. డాక్టర్‌కు చెబితే, మూడు వారాలూ ఒక్క మాత్ర తప్పకుండా సాగాలని, ఇప్పుడు లెక్క మళ్లీ మొదటినుంచి వేయాలని, లేదంటే గొంతు ఎకో చేయాలని అన్నారు. చెప్పకుండా దాచేద్దామని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. నాన్న ఎడం చెయ్యి గుర్తొచ్చి చెప్పేశాను. అప్పటినుంచి 9కి రెండుపూటలా ఫోన్‌లో అలారం ఉంది.

మార్చి 19, బుధవారం. గొంతు ఎకో చూసి షాక్ ఇచ్చే రోజు. ముందురోజు రాత్రి నుంచి ఉపవాసం. పొద్దున్న అపిక్సబాన్ కూడా వద్దని ఒక సిస్టర్ అన్నారు. నేను డాక్టర్‌కు ఫోన్ చేయించాను. అది మాత్రం గుక్కెడు నీళ్లతో వేసుకోవాల్సిందేనన్నారు. మీ వంతు వచ్చినప్పుడు మీరూ అడిగి కనుక్కోండి. ఇన్సూరెన్స్‌వాళ్లు "జబ్బు ఎప్పటినుంచి ఉంది" అని ప్రశ్న వేసి 5 గంటలు కూర్చోబెట్టారు. ఫిబ్రవరి 7 నాటి ప్రిస్క్రిప్షన్ పంపాక అనుమతి వచ్చింది. బిల్లు 41,600, నేను చేతినుంచి కట్టింది 8,900.

ఛాతీ మీద వెంట్రుకలు తీసి, ముందొకటి వెనకొకటి పెద్ద ప్యాడ్‌లు అంటించారు. గొంతులో స్ప్రే కొట్టారు. చేదుగా, అరటిపండు వాసనతో ఉంది. నాలుక మొద్దుబారింది, గుటక పడుతోందో లేదో తెలియదు. తర్వాత చేతిలోకి పాలలా తెల్లటి మందు ఎక్కించారు. లెక్కపెట్టమంటే ఆరు దాకా గుర్తుంది. లేచేసరికి డాక్టర్ మానిటర్‌ను నా వైపు తిప్పి ఉంచారు. ఆకుపచ్చ గీతలు, వాటి మధ్య ఖాళీలన్నీ ఒకే కొలత. 54. గడ్డ లేదు, ఒక్క షాక్‌కే సరిపోయింది. 31 రోజుల తర్వాత ఛాతీ నిశ్శబ్దంగా ఉంది. అంత నిశ్శబ్దం ఉంటుందని మరిచిపోయాను. ప్యాడ్‌లు పెట్టిన చోట ఎండకు కాలినట్టు నాలుగు రోజులు ఎర్రగా మండింది, అంతే.

షాక్ అయ్యాక కనీసం 4 వారాలు మందు ఎవరైనా వాడాల్సిందే. లయ సరిపడినా పై గది బలం పుంజుకోవడానికి టైమ్ పడుతుంది, అప్పుడే గడ్డలు ఎక్కువ. 4 వారాల తర్వాత ఆపేయొచ్చేమోనని ఆశపడ్డాను. కానీ బీపీ ఉంది, వయసు పెరుగుతోంది, వచ్చినా నాకు తెలియని రకం. కొనసాగిద్దామన్నారు. ఈసారి టైమ్ అడగలేదు.

ఏప్రిల్‌లో మళ్లీ సైకిలెక్కాను. ఏమీ కానట్టు. మే 4 ఆదివారం సింహాచలం కొండ రోడ్డు ఎక్కి వచ్చిన రాత్రి మళ్లీ వచ్చింది, 5 గంటలుండి దానంతటదే పోయింది. ఆ రోజు కుంగిపోయాను. గురక పరీక్ష కూడా చేయించారు, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు కూడా దీన్ని తెస్తుందట. నాకు లేదు.

మే 23న డాక్టర్ దగ్గర అరగంట కూర్చున్నాను. ముందు ట్రెడ్‌మిల్ పరీక్ష చేశారు. 12 మెట్‌లు వచ్చింది. కూర్చున్నప్పుడు ఒంటికి పట్టే శక్తి 1 మెట్ అనుకుంటే దానికి 12 రెట్లు పని చేయగలిగానని అర్థం. తైవాన్‌లో 15,450 మందికి ఇదే పరీక్ష చేసి ఏళ్లపాటు గమనించారట. ఒక్కో మెట్ పెరిగిన కొద్దీ ఏఎఫ్ 8 శాతం, స్ట్రోక్ 12 శాతం తక్కువగా కనిపించాయి. "అంటే మీరు ఇన్నాళ్లూ చేసింది తప్పు కాదు" అన్నారు. వెంటనే రెండో వైపూ చెప్పారు. స్వీడన్‌లో వాసాలోపెట్ అనే 90 కిలోమీటర్ల స్కీ పందెం ఉంది. అందులో ఎక్కువసార్లు పాల్గొన్నవాళ్లకు, వేగంగా ముగించినవాళ్లకు ఏఎఫ్ ఎక్కువ వచ్చిందని 2013లో తేలింది. తర్వాత 2019లో అదే పందెం వాళ్లను మామూలు జనంతో పోల్చారు. స్కీ వాళ్లలో స్ట్రోక్‌లు తక్కువ. కానీ ఆ స్కీ వాళ్లలోనే ఏఎఫ్ వచ్చినవాళ్లకు, రానివాళ్లకంటే స్ట్రోక్‌లు ఎక్కువ.

నేను లెక్కల మాస్టార్ని కాబట్టి అది గ్రాఫ్‌లాగా కనపడింది. ఇంట్లో కూర్చున్నవాడికి ముప్పు. రోజూ నడిచేవాడికి తక్కువ. దశాబ్దాల పాటు ఒంటిని చివరి దాకా పిండేవాడికి, ముఖ్యంగా మగవాడికి, లయ తప్పే ముప్పు మళ్లీ పైకి లేస్తుంది. ఒకసారి లయ తప్పాక, గడ్డ విషయంలో ఆరోగ్యం కొంత సాయం చేస్తుందే గానీ మాత్ర పని అది చేయదు.

నాకు రాసిచ్చింది ఇది: వారానికి 14 గంటల సైక్లింగ్ 5 గంటలకు తగ్గించాలి. గుండె వేగం 125 దాటకూడదు. మూడు నెలలు కొండలు వద్దు, బ్రెవేలు వద్దు. బీపీ 130 లోపు. మళ్లీ మళ్లీ వస్తే అబ్లేషన్, అంటే కాలి రక్తనాళంలోంచి తీగ పంపి లయ చెడగొట్టే చోట్లను ఆపడం. దానికి మూడున్నర నుంచి నాలుగు లక్షలు అవుతుందన్నారు.

బయటికొస్తే గాజువాక ఆయన టోకెన్ పట్టుకుని కూర్చున్నాడు. ఆయనకు అదే డాక్టర్ రాసింది పూర్తిగా తిరగేసినట్టుంది: రోజూ 45 నిమిషాలు నడవాలి, మెల్లగా పెంచాలి, 10 కిలోలకు పైగా తగ్గాలి, తాగుడు పూర్తిగా మానాలి. అడిలైడ్‌లో బరువు ఎక్కువున్న ఏఎఫ్ రోగుల్ని చూస్తే, 10 శాతం, అంతకుమించి తగ్గినవాళ్లకు లయ నిలబడే అవకాశం దాదాపు 6 రెట్లు ఉందని, ఫిట్‌నెస్ 2 మెట్‌లు పెంచుకున్నవాళ్లు ఇంకా బాగున్నారని చెప్పారట. రెండు చీటీలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాం. ఒకే జబ్బు, ఒకే డాక్టర్. ఒకరిని లేవమన్నారు, ఒకరిని నెమ్మదించమన్నారు.

తగ్గించడం నాకు సులువు కాలేదు. జూన్‌లో మా గుంపు అరకు వెళ్లింది. అనంతగిరి దగ్గర కాఫీ తాగుతున్న ఫొటో పంపారు. ఫోన్ బోర్లా పెట్టి బాల్కనీలోకి వెళ్లిపోయాను. సైకిల్ లేకపోతే నేనెవరిని అనిపించింది. ఆ రోజు సాయంత్రం గాజువాక ఆయన ఫోన్ చేసి, "మాస్టారూ, ఒక్కడినే నడవలేకపోతన్నాను, రేపు బీచ్‌కి వస్తారా?" అన్నాడు. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో బళ్లు ఆపేస్తారు కదా, 5:30కి సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర కలిశాం. మొదటిరోజు ఆయన పార్కు హోటల్ దాకా కూడా రాలేక గోడ మీద కూర్చున్నాడు. ఆయన ఆయాసం చూస్తే ఫిబ్రవరిలో కూరగాయల సంచీతో నేనే గుర్తొచ్చాను. ఇప్పుడు వారానికి నాలుగు రోజులు నడుస్తాం. అక్టోబర్‌కి ఆయన 93 కిలోలు. షుగర్ మాత్ర ఒకటి తగ్గించారు. నేను మరో రెండు రోజులు భీమిలి వైపు సైకిల్ మీద వెళ్తాను. మీటర్ 125 చూపిస్తే దిగి నడిపించుకెళ్తాను. సీటు కింద సంచీలో మా ఆవిడ రాసిన చీటీ ఉంటుంది: పేరు, బ్లడ్ గ్రూప్, "అపిక్సబాన్ వాడుతున్నారు", ఆమె నంబర్.

మే తర్వాత ఒక్కసారే వచ్చింది, ఆగస్టు 10న, జ్వరంలో, 2 గంటలు. అబ్లేషన్ గురించి నవంబర్‌లో మాట్లాడదామన్నారు. చేయించుకున్నంత మాత్రాన మాత్ర ఆగదని, ఆ నిర్ణయం స్కోరును బట్టేనని ముందే చెప్పారు.

నిన్న తమ్ముడికి ఫోన్ చేశాను. వాడికి 54, పొలం వాడే చూసుకుంటున్నాడు, నాన్నలాగే గట్టి మనిషి. బొటనవేలి కింద మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టించి, వేగం కాదు, వరస చూడమని చెప్పాను. ఒక నిమిషం ఇద్దరం మాట్లాడకుండా ఉన్నాం. వెనక కోళ్ల అరుపు వినిపిస్తోంది. "బాగానే ఉందన్నయ్యా, ఒక్కలాగే కొడతంది. 74" అన్నాడు. బీపీ ఎప్పుడు చూపించుకున్నావురా అంటే ఎప్పుడూ లేదన్నాడు. రేపు అనకాపల్లి వెళ్లే పని ఉంది, అప్పుడు చూపిస్తానన్నాడు. సాయంత్రం ఫోన్ చేసి అంకె ఎంతో అడగాలి.